జెట్ బోటుకి ఎంత పెద్ద ఇంజన్ కావాలి? ముందు పంపు సంగతి చూడండి

మీరు అడిగింది ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. 1976 నాటి 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ జెట్ బోటు యూటాలో కొన్నారు. వెనక బర్క్లీ 12జేసీ పంపు ఉంది, లోపల ‘ఏ’ సైజు ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం) అని అమ్మినాయన చెప్పాడు. ఇంజన్ ఓల్డ్స్‌మొబైల్ 455 (ఇలాంటి అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు). చలికాలంలో బ్లాకులో నీళ్ళు తీయకుండా వదిలేస్తే గడ్డకట్టి బ్లాకు పగిలింది. బాగున్న రోజుల్లో ఫుల్ థ్రాటిల్ మీద 4,700 ఆర్పీఎం, జీపీఎస్‌లో గంటకు 58 మైళ్ళు వచ్చేదట. ఇప్పుడు దాని స్థానంలో షెవ్రొలే 350 పెట్టాలా, 454 పెట్టాలా, అప్పు చేసైనా 502 పెట్టాలా, లేక ట్రక్కు నుంచి తీసిన 6.0 లీటర్ ఎల్ఎస్ (షెవ్రొలే కొత్త తరం వీ8) పెట్టాలా అన్నది ప్రశ్న. ఫీనిక్స్ నుంచి వారాంతాల్లో అరిజోనా సరిహద్దులోని లేక్ హవాసు చెరువుకి వెళ్తారు, పిల్లల్ని ట్యూబ్ మీద లాగుతారు, వీలైతే 80 మైళ్ళు చూడాలని కోరిక.

నేను ఇక్కడ అరిజోనాలో ఇలాంటి బోట్ల ఇంజన్లు విప్పి బిగించే పనిలోనే ఉన్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: 454 కట్టించండి, ఇంపెల్లర్ ముట్టుకోవద్దు, 65 మైళ్ళతో తృప్తిపడండి. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త లెక్క కావాలి. ఈ లెక్క ఒకసారి అర్థమైతే, రేపు ఇంకెవరైనా ఇంకో ఇంజన్ పేరు చెప్పినా మీరే తేల్చుకోగలరు.

జెట్ బోటులో గేర్‌బాక్స్ ఉండదు. క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక పొట్టి డ్రైవ్‌షాఫ్ట్, దానికి పంపు ఇంపెల్లర్. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఇంపెల్లర్ కూడా ఒక చుట్టే. బోటు అడుగున ఉన్న రంధ్రంలోంచి నీళ్ళు లాగి, వెనక నాజిల్ గుండా వేగంగా తోసేస్తుంది. ఆ తోపుడుకే బోటు ముందుకు పోతుంది. ప్రొపెల్లర్ బోటయితే బోటు వేగం, బరువు మారినప్పుడల్లా ఇంజన్ మీద లోడు మారుతుంది. జెట్ పంపుకి ఆ పట్టింపు చాలా తక్కువ. నీళ్ళు సరిగా అందుతున్నంతవరకు, బోటులో ఇద్దరున్నా ఆరుగురున్నా, ఫలానా ఆర్పీఎం దగ్గర పంపు తినే హార్స్‌పవర్ దాదాపు ఒకటే. ఇంజన్లు పరీక్షించే షాపుల్లో వాటర్ బ్రేక్ డైనో అని, నీళ్ళ నిరోధంతో ఇంజన్ శక్తి కొలిచే యంత్రం ఒకటుంటుంది. అది చేసే పనీ ఇదే. అంటే మీ బోటులో ఒక డైనో ఎప్పుడో బిగించి ఉంది. నమ్మకమైన టాకోమీటర్ ఒకటి ఉంటే చాలు, నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్పీఎం చదివితే, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్లు ఇస్తోందో పంపు చార్టులో చూసుకోవచ్చు. అమ్మేవాళ్ళు చెప్పే హార్స్‌పవర్ కంటే ఆ అంకెనే నేను నమ్ముతాను.

ఇప్పుడు అసలు సంగతి. పంపు తినే హార్స్‌పవర్ ఆర్పీఎం ఘనంతో పెరుగుతుంది. ఆర్పీఎం పది శాతం పెంచాలంటే హార్స్‌పవర్ ముప్పై మూడు శాతం పెరగాలి. హార్స్‌పవర్ రెట్టింపు చేసినా ఆర్పీఎం పెరిగేది 26 శాతమే. లెక్క కోసం మీ ‘ఏ’ ఇంపెల్లర్ 4,800 దగ్గర 350 హార్స్‌పవర్ తింటుందనుకుందాం. ఖచ్చితమైన అంకె మీ పంపు చార్టులో చూసి మార్చుకోండి, పద్ధతి మాత్రం అదే. ఈ లెక్కన పాత 455 మీ బోటులో 4,700 దగ్గర ఇచ్చింది సుమారు 330 హార్స్‌పవర్.

ప్లేనింగ్ బోటు (నీళ్ళ పైకి లేచి జారుతూ పోయే బోటు) వేగం హార్స్‌పవర్ వర్గమూలంతో పెరుగుతుందని ఒక మోటు సూత్రం ఉంది. పై వేగాల్లో గాలి నిరోధం కూడా కలుస్తుంది కాబట్టి నిజంలో ఇంతకంటే ఎక్కువే కావాలి, అయినా దిశ తెలుస్తుంది. మీకు 330 హార్స్‌పవర్‌తో 58 మైళ్ళు వచ్చాయి. 65 మైళ్ళకి సుమారు 415 కావాలి, అప్పుడు పంపు తిరిగేది 5,080 దగ్గర. 70 మైళ్ళకి 480, ఆర్పీఎం 5,330. మీరు కోరే 80 మైళ్ళకి 630 దాకా కావాలి, ఆర్పీఎం 5,800 దాటుతుంది. 58 నుంచి 65కి ఏడు మైళ్ళు పెరగడానికి 85 హార్స్‌పవర్ చాలు. 70 నుంచి 80కి పది మైళ్ళకి 150 కావాలి. ఖర్చు కూడా అదే దారిలో పోతుంది.

ఇక్కడిదాకా ఇంజన్ సైజు మాట రాలేదు, గమనించారా. సైజు లెక్కలోకి వచ్చేది టార్క్ దగ్గర. హార్స్‌పవర్‌ని 5,252తో గుణించి ఆర్పీఎంతో భాగిస్తే పౌండ్-అడుగుల్లో టార్క్ వస్తుంది. పాత ఇంజన్ 4,700 దగ్గర ఇచ్చింది సుమారు 370. 65 మైళ్ళకి 5,080 దగ్గర 430 కావాలి. 70కి 5,330 దగ్గర 473. 80కి 5,800 పైన 565. ఇంజన్‌కి మామూలుగా టార్క్ ఎక్కడో మూడు నాలుగు వేల దగ్గర శిఖరానికి చేరి తర్వాత పడిపోతుంది. పంపు అడిగే టార్క్ మాత్రం ఆర్పీఎం వర్గంతో పైపైకి పోతూనే ఉంటుంది. ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ మీ ఫుల్ థ్రాటిల్ ఆర్పీఎం ఆగిపోతుంది. ఇంకో ఆర్పీఎం కూడా పెరగదు.

కార్బురేటర్‌తో, బంకులో దొరికే మామూలు పెట్రోలుతో, నీళ్ళు కలిసే ఎగ్జాస్టుతో నడిచే పాతకాలపు వీ8 ఇంజన్, ఆ పై ఆర్పీఎం దగ్గర ఒక్కో క్యూబిక్ అంగుళానికి 0.9 నుంచి 1.0 పౌండ్-అడుగుల టార్క్ ఇస్తే ఆరోగ్యంగా ఎన్నేళ్ళయినా పనిచేస్తుంది. నేను 0.95 పట్టుకుని లెక్క వేస్తాను. 430ని 0.95తో భాగించండి, 452 వస్తుంది. అంటే 454. 473ని భాగించండి, 498 వస్తుంది. అంటే 502. 565ని భాగిస్తే 595. అంత సైజు అంటే మీ బడ్జెట్ దాటి పోయింది, లేదా 540 అంగుళాల ఇంజన్‌కి మంచి హెడ్‌లు (సిలిండర్ల మీద వాల్వులు, గాలి దారులు ఉండే భాగాలు), పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) పెట్టి 1.05 దాకా పిండాలి. ఇక 350తో 430 పౌండ్-అడుగులు కావాలంటే అంగుళానికి 1.23 ఇవ్వాలి, అదీ 5,000 దాటాక. సిలిండర్లలోకి గాలి బలంగా ఎక్కించే సూపర్‌చార్జర్ లేకుండా అది ఆశించకండి.

ఇంజన్ పేరులో ఉన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతారనడానికి షెవ్రొలే 454 కంటే మంచి ఉదాహరణ లేదు. 1970లో షెవెల్ కారులో వచ్చిన ఎల్ఎస్6 రకం (పైన చెప్పిన కొత్త ఎల్ఎస్ కాదు) 454కి కంపెనీ చెప్పిన అంకె 450 హార్స్‌పవర్. 1990లో అదే 454 పికప్ ట్రక్కులో 230. బ్లాకు సైజు ఒకటే, మధ్యలో హెడ్‌లు, క్యామ్, కంప్రెషన్, ఇంధనం పోసే పద్ధతి అన్నీ మారిపోయాయి. దానికి తోడు 1972 నుంచి అమెరికా కంపెనీలు గ్రాస్ అంకెలు మానేసి నెట్ అంకెలు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆల్టర్నేటర్, మఫ్లర్, ఎయిర్ ఫిల్టర్ వంటివేవీ లేకుండా స్టాండు మీద కొలిచేది గ్రాస్. అవన్నీ బిగించి కొలిచేది నెట్. కాబట్టి 1970 నాటి బ్రోషర్‌లోని అంకెనీ 1980ల నాటి అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఎవరైనా “454 ఉంది, తీసుకుంటావా” అంటే ముందు అడగాల్సింది అందులో ఏ హెడ్‌లు ఉన్నాయని. ట్రక్కుల్లో వచ్చే చిన్న ఇన్‌టేక్ రంధ్రాల హెడ్‌లని ఇక్కడ పీనట్ పోర్ట్ అంటారు. కింద ఆర్పీఎంలో బాగానే లాగుతాయి, 4,500 దాటాక ఊపిరి అందదు. మీ పంపు పని మొదలయ్యేదే అక్కడ. ఓవల్ పోర్ట్ హెడ్‌లు దొరికితే మీకు సరిపోతాయి. రెక్టాంగ్యులర్ పోర్ట్ హెడ్‌లు ఈ పనికి అవసరం లేదు, అవి ఆరు వేల పైన తిప్పేవాళ్ళకి.

మీరు చెప్పిన ఇంజన్లు ఒక్కొక్కటీ మీ పంపు మీద పెట్టి చూద్దాం. 260 హార్స్‌పవర్ ఇచ్చే మామూలు మెరైన్ 350 అయితే 4,350 దగ్గర ఆగుతుంది, వేగం 51, 52 మైళ్ళు. పాత దానికంటే తక్కువ. పిల్లల్ని ట్యూబ్ మీద లాగడానికి చాలు, కానీ మీరు రాసినదంతా చదివాక మీకు నెల తిరక్కుండా విసుగు పుడుతుందని నాకు అనిపిస్తోంది. 

ట్రక్కు 6.0 ఎల్ఎస్ స్టాకుగా పెడితే 300 హార్స్‌పవర్ చుట్టుపక్కల, 4,550 దగ్గర నిలబడుతుంది. క్యామ్ మారిస్తే కథ మారుతుంది. ఎల్ఎస్ హెడ్‌లు గాలి బాగా తీసుకుంటాయి కాబట్టి నా 0.95 లెక్క వాటికి తక్కువ అంచనా, 1.1 కూడా తేలిగ్గా వస్తుంది. పైగా ఇనప బ్లాకు 6.0 కూడా బిగ్ బ్లాక్ (454, 502 లాంటి పెద్ద వీ8) కంటే 70, 80 కిలోలు తేలిక. 18 అడుగుల బోటులో వెనక భాగంలో అంత బరువు తగ్గడం చిన్న విషయం కాదు, బోటు ముక్కు దించుకుని త్వరగా ప్లేన్ మీదకి వస్తుంది. అయినా మీకు మొదటి మాటగా దాన్ని ఎందుకు చెప్పడం లేదంటే, ఖర్చు ఇంజన్‌లో కాక దాని చుట్టూ ఉంటుంది. మెరైన్ వైరింగ్, కంప్యూటర్, హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, తడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, హెడ్‌ల దగ్గర ఆవిరి బయటికి పోయే సన్నటి గొట్టాల ఏర్పాటు, ఇవన్నీ కొత్తగా కొనాలి. ఆ పని మీరే చేసుకోగలిగితే మంచి ఎంపికే. షాపుకిచ్చి చేయించాలంటే 454 కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

కార్వెట్ కారులో వచ్చిన 6.2 లీటర్ ఎల్ఎస్3 గురించి కూడా చాలామంది అడుగుతారు. దాని మీద రాసి ఉండేది 430 హార్స్‌పవర్, 5,900 దగ్గర. మీ పంపు మీద అది 5,000 దగ్గరే ఆగుతుంది, అక్కడ ఇచ్చేది 400. మిగతా 30 ఎప్పటికీ బయటికి రావు, ఎందుకంటే 5,900 దాకా ఈ ఇంపెల్లర్‌ని తిప్పాలంటే 650 కావాలి. ఇంపెల్లర్ అంచు తగ్గించి ‘బీ’ కి, ‘సీ’ కి మార్చి ఆర్పీఎం పెంచుకోవచ్చు కదా అంటారు. మార్చవచ్చు. బర్క్లీలో అక్షరం ముందుకు పోయేకొద్దీ ఇంపెల్లర్ చిన్నదవుతుంది, ‘ఏఏ’ అయితే ‘ఏ’ కంటే పెద్దది. కానీ ఆ 30 హార్స్‌పవర్ కోసం ఇంపెల్లర్ కోయిస్తే వచ్చేది రెండు మైళ్ళు. బదులుగా ప్రతి వేగం దగ్గరా ఇంజన్ ఎక్కువ తిరగాలి, చప్పుడు పెరుగుతుంది, అరుగుదల పెరుగుతుంది. మీలాంటి వాడకానికి నేనయితే వద్దంటాను. 

జెడ్‌జెడ్502 అనే క్రేట్ ఇంజన్‌ని (పెట్టెలో కొత్తగా వచ్చే పూర్తి ఇంజన్) కంపెనీ చాలాకాలం 502 హార్స్‌పవర్‌గా, 567 పౌండ్-అడుగులుగా ఇచ్చింది. మీ పంపు మీద 5,400 దగ్గర నిలబడుతుంది, 70 మైళ్ళు దాటుతుంది. మంచి ఇంజన్. కానీ అది కారు కోసం కట్టినది. బోటులోకి దించే ముందు హెడ్ గ్యాస్కెట్లు, ఫ్రీజ్ ప్లగ్గులు మెరైన్‌వి వేయాలి. క్యామ్ కూడా చూసుకోవాలి, ఎందుకో కింద చెప్తాను.

ఇక్కడే ఒక మాట. ఒకాయన తన బోటులో నడుస్తున్న 454 తీయించి, ఒక షాపులో పెద్ద మొత్తం పోసి 502 పెట్టించుకున్నాడు. వేగం నాలుగు మైళ్ళు పెరిగింది. మోసపోయానని బాధపడుతూ నా దగ్గరికి తెచ్చాడు. టాకోమీటర్‌లో ఆర్పీఎం బాగానే పెరిగింది, బోటు వేగం మాత్రం అంతగా పెరగలేదు. పంపు పైన ఉండే హ్యాండ్ హోల్ మూత విప్పి చెయ్యి లోపలికి పెట్టి ఇంపెల్లర్ రెక్కల అంచులు తడిమాను. మందంగా, నున్నగా ఉండాల్సిన అంచు బ్లేడులా పలచబడి, చిన్న చిన్న నొక్కులతో ఉంది. తర్వాత పంపు విప్పితే ఇంపెల్లర్ చుట్టూ ఉండే కంచు వేర్ రింగ్‌లో ఇసుక కోసిన గాడులు గోటికి తగులుతున్నాయి. ఇంపెల్లర్‌కీ ఆ రింగ్‌కీ మధ్య కాగితాలు పట్టేంత సందు ఉండాల్సిన చోట చుట్టూ ఎంతో ఎక్కువ ఖాళీ. పంపు తోసిన నీళ్ళలో కొంత ఆ సందులోంచి మళ్ళీ వెనక్కే వచ్చి తిరుగుతోంది. రింగ్ మార్చి, ఇంపెల్లర్ బాగుచేయించాక ఆర్పీఎం తగ్గింది, వేగం పెరిగింది. పాత 454 ఉన్నప్పుడే ఆ పని చేసి ఉంటే ఆయనకి ఆ ఖర్చు చాలావరకు తప్పేది. పాత బోటు కొన్న ప్రతివాళ్ళకీ అందుకే చెప్తాను, ఇంజన్ క్యాటలాగు తెరిచే ముందు పంపు విప్పండి. మీది ఇసుక ఒడ్డుల మీద ఎక్కించి దింపిన బోటయితే రింగ్ పోయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఇంపెల్లర్ మీద చెక్కి ఉన్న అక్షరం కూడా అప్పుడే చూసుకోండి. యాభై ఏళ్ళలో ఎవరు మార్చారో, ఎవరు కోయించారో అమ్మినాయనకి తెలిసి ఉండకపోవచ్చు.

అమ్మినాయన చెప్పిన 4,700 గురించి ఇంకొకటి. అది ఏ చెరువులో కొలిచాడో అడగండి. యూటాలో చాలా చెరువులు ఎత్తు మీద ఉంటాయి. లేక్ పావెల్ నిండుగా ఉంటే 3,700 అడుగులు, బేర్ లేక్ అయితే 5,900 పైమాటే. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజన్ సుమారు మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది. లేక్ హవాసు ఎత్తు 450 అడుగులే. అంటే అదే ఇంజన్ ఇక్కడ నడిపితే ఆ 4,700 కంటే పైన తిరిగేది. అయితే జులైలో హవాసు మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటుతుంది, పలచని వేడి గాలికి అందులో కొంత పోతుంది. నవంబరు ఉదయం చూసిన ఆర్పీఎం, జులై మధ్యాహ్నం చూసిన ఆర్పీఎం ఒకటి కాకపోతే టెన్షన్ పడకండి. పది శాతం శక్తి తగ్గితే ఆర్పీఎం తగ్గేది మూడున్నర శాతమే, 4,800 ఉన్నది 4,630 దగ్గరికి వస్తుంది.

చాలామందికి నమ్మశక్యం కాని సంగతి ఇంకోటి ఉంది. 3,500 ఆర్పీఎం దగ్గర మీ బోటులో 350 ఉన్నా 502 ఉన్నా వేగం దాదాపు ఒకటే. పంపు ఆ ఆర్పీఎంలో తినేది 135 హార్స్‌పవర్లు, ఎవరు తిప్పుతున్నారన్నది దానికి అనవసరం. బరువులో తేడా వల్ల చిన్న ఇంజనే ఒక పిసరు ముందుండొచ్చు కూడా. పిల్లలతో తిరిగే సమయంలో ఎక్కువ భాగం మీరు ఉండేది మూడు, మూడున్నర వేల దగ్గరే. పెద్ద ఇంజన్ డబ్బంతా ఆ పైన ఉండే కాసేపటి కోసం. ఆ కాసేపూ ముఖ్యమే, నేను కాదనను. నిలబడి ఉన్న బోటు ఒక్కసారిగా లేచి ప్లేన్ మీదకి రావడంలో పెద్ద ఇంజన్ తేడా స్పష్టంగా తెలుస్తుంది, స్కీయర్‌ని నీళ్ళలోంచి లేపేటప్పుడు మరీను. ఎంత డబ్బు దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టండి అంటున్నాను, అంతే.

పెట్రోలు కూడా చూసుకోండి. ఫుల్ థ్రాటిల్ మీద ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి అర పౌండు పెట్రోలు కాలుతుంది. 415 హార్స్‌పవర్ ఇంజన్ ఆ లెక్కన గంటకి 130 లీటర్ల దాకా తాగుతుంది, 502 అయితే 150 దాటుతుంది. గంటసేపు ఎవరూ అలా నడపరు, కానీ ఫ్యూయల్ లైన్, పంపు, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఆ ప్రవాహాన్ని అందించగలగాలి. పై ఆర్పీఎంలో పెట్రోలు చాలక మిశ్రమం పలచబడితే పిస్టన్లే కరుగుతాయి. కారులో అలాంటి లోపం బయటపడకుండా ఏళ్ళు గడిచిపోవచ్చు, ఎందుకంటే హైవే మీద కారుకి కావాల్సింది కొద్దిపాటి శక్తే. బోటులో ఇంజన్ ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న లారీలా పనిచేస్తుంది, దిగుడు అనేది రాదు. అందుకే కంప్రెషన్ 9కి 1 దగ్గర ఉంచమంటాను. పిస్టన్ క్లియరెన్స్ కారుకి ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఆయిల్ పాన్ పెద్దది పెట్టాలి.

క్యామ్ సంగతి. తడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఎగ్జాస్ట్ పొగలోకే నీళ్ళు కలుస్తాయి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం ఎక్కువైతే, ఐడిల్ దగ్గర సిలిండర్ ఆ నీళ్ళని వెనక్కి లాక్కుంటుంది. వాల్వులు తుప్పు పడతాయి, ఒక్కోసారి సిలిండర్‌లో నీరు నిండి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డ్రాగ్ కారులో గలగలలాడే ఐడిల్ చెవికి బాగుంటుందని అలాంటి క్యామ్ వేయించుకుని ఇంజన్ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. లోబ్ సెపరేషన్ (క్యామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 112 నుంచి 114 డిగ్రీలు ఉన్న హైడ్రాలిక్ క్యామ్ అడగండి. శిఖర హార్స్‌పవర్ 5,100, 5,200 దగ్గర వచ్చేలా చూడమనండి, ఎందుకంటే మీ పంపు మిమ్మల్ని తీసుకెళ్ళేది అక్కడికే. 6,000 దగ్గర శిఖరం ఉండే క్యామ్ మీకు పనికిరాదు. ఆ ఆర్పీఎం మీరు ఎప్పుడూ చూడరు, కింద ఉండాల్సిన టార్క్ మాత్రం పోతుంది.

చూడరు అన్నాను కానీ ఒక సందర్భంలో చూస్తారు. అలల్లో బోటు ఎగిరి పంపు గాలి మింగినప్పుడు ఇంజన్ మీద లోడు ఒక్క క్షణంలో మాయమవుతుంది. ఆర్పీఎం ఐదు వేల నుంచి ఏడు వేలకి రెప్పపాటులో దూకుతుంది. మళ్ళీ నీళ్ళు తగలగానే ఆ వేగంలో ఉన్న క్రాంక్ మీద దెబ్బ పడుతుంది. కాబట్టి ఆర్పీఎం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ తప్పనిసరి, 5,600 దగ్గర పెట్టండి. జెట్ బోట్లలో పగిలిన ఇంజన్లలో నేను చూసినవాటికి చాలావరకు కారణం ఇదే.

కూలింగ్‌కి నీళ్ళు పంపు నుంచే వస్తాయి. ఆర్పీఎం పెరిగేకొద్దీ ఆ నీళ్ళ ఒత్తిడి ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది. నేరుగా బ్లాకులోకి వదిలితే గ్యాస్కెట్లు తట్టుకోవు, ఇంజన్ కూడా చల్లగానే ఉండిపోయి ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. మధ్యలో ఒక గేట్ వాల్వ్ గానీ ప్రెషర్ రెగ్యులేటర్ గానీ పెట్టి, నీళ్ళు ముందు మానిఫోల్డ్‌లలో తిరిగి గోరువెచ్చగా అయ్యాక బ్లాకులోకి వెళ్ళేలా చేయండి. 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. స్టార్టర్, ఆల్టర్నేటర్, ఫ్యూయల్ పంపు, కార్బురేటర్ మెరైన్‌వే వాడండి. కారు సామాన్లు చవకే కానీ వాటిలోంచి నిప్పురవ్వలు బయటికి రాగలవు, బోటు అడుగున పేరుకున్న పెట్రోలు ఆవిరికి ఒక్క రవ్వ చాలు. ఇందులో బేరం లేదు.

ఇక 80 మైళ్ళు. మీ బోటు ఫైబర్‌గ్లాస్ లోపల చెక్క స్ట్రింగర్లు (పొడవాటి దూలాలు) ఉంటాయి, ఇంజన్ మౌంట్ అయ్యేది వాటి మీదే. యాభై ఏళ్ళ చెక్క ఎక్కడో ఒకచోట నాని మెత్తబడి ఉంటుంది. ఒక సన్నటి డ్రిల్‌తో రంధ్రం చేసి చూడండి, చెక్క పొడి పసుపుగా, తడి లేకుండా వస్తే సరే. నల్లగా, తడిగా వస్తే ఇంజన్ డబ్బు ముందు అక్కడ పెట్టాలి. 600 పైన హార్స్‌పవర్ ఆ చెక్కకి బిగించకండి. బోటు అడుగు భాగం కూడా ఆ వేగానికి సరిగ్గా తీర్చి ఉండాలి. వంపు ఉంటే ముక్కు కిందకీ పైకీ కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి పక్కకి తిరగొచ్చు. పైగా జెట్ బోటులో థ్రాటిల్ వదిలేస్తే స్టీరింగ్ కూడా పోతుంది, నాజిల్‌లో నీళ్ళు లేకపోతే తిప్పేదేమీ ఉండదు. 80 దగ్గర భయపడి కాలు తీసేసిన మనిషి చేతిలో ఖాళీ స్టీరింగ్ మిగులుతుంది. పిల్లలు ఎక్కే బోటు ఇది. మనిషి పడిపోతే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు బోట్లలో ఆ స్విచ్ ఉంటే వాడాలని 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ చట్టం కూడా చెబుతోంది.

వేగం ఇంకాస్త కావాలనిపిస్తే ఇంజన్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సినవి ఉన్నాయి. నాజిల్‌ని పైకీ కిందకీ వంచే ప్లేస్ డైవర్టర్ లేకపోతే పెట్టించండి, ముక్కు లేపి బోటుని తేలిక చేసుకోవచ్చు. బోటు అడుగున నీళ్ళు లాగే ఇన్‌టేక్ పక్కల ఉన్న గరుకు అంచులు, పాత సిలికాన్ ముద్దలు తీసి నున్నగా చేయించండి. బోటులో అనవసరమైన సామాను దింపండి.

డబ్బు నిజంగా తక్కువగా ఉంటే ఇంకో దారి ఉంది. ఇంకో ఓల్డ్స్ 455 దొరికితే అదే కట్టించండి. మౌంట్లు, అడాప్టర్, మానిఫోల్డ్‌లు అన్నీ ఉన్నవే సరిపోతాయి. షెవ్రొలే పెడితే ఇవన్నీ మార్చాలి, బోల్టుల అమరికే వేరు. ఓల్డ్స్ 455కి పై ఆర్పీఎంలో ఆయిల్ పైన హెడ్‌లలోనే ఉండిపోయి కింద బేరింగులకి అందకపోవడం అనే బలహీనత ఉంది. కానీ ‘ఏ’ ఇంపెల్లర్ దాన్ని 5,000 లోపే పట్టి ఉంచుతుంది కాబట్టి, పెద్ద ఆయిల్ పాన్‌తో చాలా ఏళ్ళు నడుస్తుంది. 58 మైళ్ళు 60 అవుతాయి.

ముందు హ్యాండ్ హోల్ తెరిచి, పంపు విప్పి, ఇంపెల్లర్ మీద ఏ అక్షరం ఉందో, వేర్ రింగ్ దగ్గర సందు ఎంతుందో ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచని రేకులు) కొలిచి ఇక్కడ రాయండి. స్ట్రింగర్ల డ్రిల్ పొడి ఫొటో కూడా పెట్టండి. అవి చూశాక 454కి ఏ క్యామ్, ఏ కార్బురేటర్ అన్నది అంకెలతో సహా చెప్తాను.